గుంత పడకముందే ఖర్చు పెట్టాలి

పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు 11వ నంబరు ఎగ్జిట్ చుట్టుపక్కల ఒకేచోట నాలుగు రకాల రోడ్లు కనిపిస్తాయి. ఎనిమిది వరుసల ఔటర్ ఒకటి, హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మరొకటి. హైవే మీంచి కుంట్లూరు, పసుమాముల, తట్టిఅన్నారం వైపు చీలిపోయే డాంబర్ రోడ్లు మూడో రకం. వాటికి అటూ ఇటూ వెలసిన ప్లాట్ల వెంచర్లలో వేసిన లోపలి రోడ్లు నాలుగో రకం. అన్నింటిలోనూ కంకరను పట్టి ఉంచేది బిటుమెనే. కాసే ఎండా కురిసే వానా ఒకటే. ఆయుష్షులో మాత్రం పోలికే లేదు. రోడ్డు మందంలో, కంకర నాణ్యతలో, తిరిగే బండ్లలో తేడాలు ఉన్నమాట నిజమే. అంతకంటే పెద్ద తేడా ఒకటుంది: రేపు ఆ రోడ్డు పాడైతే ఖర్చు ఎవరి మీద పడుతుందన్నది. 158 కిలోమీటర్ల ఔటర్‌ను 2023లో 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్లపాటు ఐఆర్‌బీ సంస్థకు లీజుకిచ్చారు. ఆ ధర సరైనదా కాదా అన్న రాజకీయ వివాదాన్ని పక్కన పెడదాం. 30 ఏళ్లు టోల్ వసూలు చేసుకోవాల్సినవాడికి ఇవాళ్టి సన్నటి పగులును వదిలేస్తే ఐదేళ్ల తర్వాత తన డబ్బే పోతుందని తెలుసు. మున్సిపల్ రోడ్డు విషయంలో అలా లెక్క వేసుకునేవాళ్లు లేరు. పగులు చూసిన అసిస్టెంట్ ఇంజినీరు గుంత పడేనాటికి బదిలీ మీద వెళ్లిపోయి ఉంటారు. కాంట్రాక్టరు బిల్లు ఎప్పుడో పాసై ఉంటుంది. కొత్త రోడ్డు వేయిస్తే శిలాఫలకం మీద పేరుంటుంది, పాత రోడ్డును పదేళ్లు చెడకుండా నిలబెట్టినవారికి ఏ ఫలకమూ ఉండదు.

అందుకే మన పట్టణ రోడ్లకు రెండే దశలు మిగిలాయి: వేయడం, తవ్వి మళ్లీ వేయడం. ఈ రెండింటి మధ్య చేయాల్సిన చవకైన పని, రోడ్డు ఇంకా బాగున్నప్పుడే పైన పల్చటి సీల్ కోటు వేసి కాపాడుకోవడం, ఎక్కడా పద్దులో కనిపించదు. ఆ పద్దు ఉండాలని, అదీ ఏటా తప్పనిసరి ఖర్చుగా ఉండాలని ఈ వ్యాసం వాదన.

డాంబర్ రోడ్డు ఎలా చెడుతుందో తెలిస్తే ఈ వాదన సగం అర్థమైనట్టే. కంకరను పట్టి ఉంచే బిటుమెన్‌లో గట్టి పదార్థంతోపాటు నూనెలాంటి మెత్తటి భాగం ఉంటుంది. రోడ్డుకు సాగే గుణం ఇచ్చేది ఆ మెత్తటి భాగమే. ఎండకూ గాలిలోని ఆక్సిజన్‌కూ అది కొద్దికొద్దిగా తగ్గిపోతూ, మిగిలిన బంక గట్టిపడి పెళుసవుతుంది. మన దేశంలో బిటుమెన్ గ్రేడును దాని చిక్కదనాన్ని 60 డిగ్రీల వేడి దగ్గర కొలిచి నిర్ణయిస్తారు. మే నెలలో గాలి వేడి 42 డిగ్రీలుంటే నల్లటి రోడ్డు పైభాగం ఆ 60నీ దాటేస్తుంది మరి. రెండు మూడు వేసవులు గడిచేసరికి నల్లటి రోడ్డు బూడిద రంగుకు తిరుగుతుంది. పైనున్న సన్న పొడి లేచిపోయి కంకర తేలుతుంది. ఆ తర్వాత వెంట్రుక మందాన పగుళ్లు మొదలవుతాయి. ఇంతవరకూ బండి నడిపేవారికి ఏ ఇబ్బందీ తెలియదు కాబట్టి ఫిర్యాదులూ రావు. వానాకాలంలో ఆ పగుళ్లలోంచి నీళ్లు కింది కంకర పొరలోకి, దాని కింద మట్టిలోకి దిగుతాయి. తడిసిన పొర మీద చక్రం ఎక్కి దిగినప్పుడల్లా ఆ నీరు లోపలి సన్న మట్టిని తనతోపాటు పైకి తెచ్చేస్తుంది. అడుగున డొల్ల ఏర్పడుతుంది, పైపొర కుంగి ఊడిపోతుంది. అదే మనం చూసే గుంత. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ పరిసరాల్లో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసినట్టు కురిస్తే ఏ రోడ్డూ చెక్కుచెదరకుండా ఉండదు. అలాంటి వాన ఎప్పుడో గానీ రాదు. మామూలు జూలై ముసురుకే రోడ్డు చిల్లులు పడుతోందంటే వేసవిలో తెరుచుకున్న పగుళ్లను ఎవరూ మూయలేదని అర్థం. ఏటా అధికారుల ప్రకటనల్లో నింద మాత్రం వాన మీదికే పోతుంది.

సీల్ కోటు మనకు కొత్తదేమీ కాదు. కేంద్ర రహదారుల శాఖ స్పెసిఫికేషన్లలో దీనికి ప్రత్యేక నిబంధనలున్నాయి. ఒక రకంలో వేడి బిటుమెన్ చల్లి, మీద చిన్న చిప్స్ పరిచి రోలర్‌తో తొక్కిస్తారు. ఇంకో రకంలో సన్న ఇసుకలాంటి రాతిపొడిని ముందే బిటుమెన్‌తో కలిపి పల్చగా పరుస్తారు. పల్లెల్లో వేసే 20 మిల్లీమీటర్ల డాంబర్ కార్పెట్‌లో సందులు ఎక్కువ, నీరు దిగిపోతుంది. అందుకే అంచనాలోనే సీల్ కోటు కలిపి రాస్తారు. అంటే నీటిని ఆపే పొర అవసరమని మన ఇంజినీర్లకు రోడ్డు పుట్టిన రోజే తెలుసు. ఆ పొర అరిగిపోయాక మళ్లీ వేయాలన్న సంగతే మరుగున పడింది. ఇక పాతబడుతున్న రోడ్డుకు సరిపోయే అన్నిటికంటే తేలిక పద్ధతి ఫాగ్ స్ప్రే. బిటుమెన్‌ను నీళ్లలో సన్న బిందువులుగా కలిపిన ఎమల్షన్‌ను చదరపు మీటరుకు అర లీటరు నుంచి ఒక లీటరు చొప్పున చల్లుతారు. వేడి చేయడం, పొగ, మంట ఏవీ ఉండవు. చల్లినప్పుడు గోధుమ రంగులో ఉన్న ద్రవం నీరు ఆరగానే నల్లబడి పగుళ్లలో, సందుల్లో అతుక్కుంటుంది. కాస్త రద్దీ ఎక్కువున్న చోట స్లర్రీ సీల్, ఇంకా ఎక్కువైతే పాలిమర్ కలిపిన మైక్రో సర్ఫేసింగ్ వాడాలి. వీటికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2008లోనే ఎస్‌పీ 81 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. డాంబర్ రోడ్ల నిర్వహణకు ఐఆర్‌సీ 82 అనే నియమావళి 1982 నుంచీ ఉంది, 2015లో దాన్ని సవరించారు కూడా. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మనవాళ్లకు ఇంటి ముందు డ్రైవ్‌వేకు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కు కొన్నేళ్లకోసారి సీల్ కోటు వేయించడం మామూలు ఇంటి ఖర్చు. ఇక్కడ పుస్తకంలో ఉన్నది అక్కడ అలవాటులో ఉంది.

లెక్క చూద్దాం. ఐదున్నర మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవున్న రోడ్డు విస్తీర్ణం 5,500 చదరపు మీటర్లు. దాని మీద 30 మిల్లీమీటర్ల కొత్త డాంబర్ పొర వేయాలంటే 165 ఘనపు మీటర్ల మిశ్రమం కావాలి, తూకంలో 390 టన్నుల దాకా. అందులో బిటుమెనే 20 టన్నుల చిల్లర. అదే రోడ్డుకు ఫాగ్ స్ప్రే చేస్తే లీటరు చొప్పున ఉదారంగా పోసినా 5,500 లీటర్ల ఎమల్షన్ చాలు. అందులో బిటుమెన్ సుమారు సగం, అంటే మూడు టన్నులకు లోపే. బిటుమెన్ ఒక్కటే చూసినా ఏడో వంతు. ఇక 370 టన్నుల కంకర, ఆ కంకర కోసం తొలిచే గుట్ట, హాట్ మిక్స్ ప్లాంట్, పేవర్, పాత పొరను గీకే మిల్లింగ్ యంత్రం, ఇవన్నీ మిగులు. సీల్ కోటుతో ఇంకో లాభం ఉంది, కాలనీవాసులు దీన్ని బాగా గుర్తించగలరు. పొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరిగి, ఇళ్ల గడపలు కిందికి దిగి, వాన నీళ్లు వాకిట్లోకి వస్తాయి. సీల్ కోటు మందం మిల్లీమీటర్లలోనే ఉంటుంది, గడపల జోలికి రాదు.

అయితే ఇదేమీ సర్వరోగ నివారిణి కాదు. ఫాగ్ స్ప్రే ప్రభావం ఏడాది నుంచి మూడేళ్లు నిలుస్తుంది, స్లర్రీ సీల్, మైక్రో సర్ఫేసింగ్ అంతకంటే కొన్నేళ్లు ఎక్కువ. అవి రోడ్డుకు బలం ఇవ్వవు, ఉన్న బలం పోకుండా ఆపుతాయి అంతే. అలా ఆపడానికే ఎంతో విలువ ఉంది. రోడ్డు నాణ్యత పడిపోయే వేగం ఒకేలా ఉండదని ఇంజినీర్లు చాలాకాలంగా గీస్తున్న రేఖ చెబుతుంది. మొదటి 40 శాతం తగ్గడానికి రోడ్డు ఆయుష్షులో నాలుగింట మూడొంతులు పడుతుంది. ఆపై మరో 40 శాతం పడిపోవడానికి ఎనిమిదో వంతు కాలం చాలు. మనం ఖర్చు పెట్టేది ఆ రెండో పతనం అయిపోయాక. 1994లో ప్రపంచ బ్యాంకు తన ప్రపంచ అభివృద్ధి నివేదికలో ఆఫ్రికా రోడ్ల గురించి ఒక లెక్క ఇచ్చింది: సకాలంలో 1,200 కోట్ల డాలర్లు నిర్వహణకు పెట్టి ఉంటే, అంతకుముందు దశాబ్దంలో 4,500 కోట్ల డాలర్ల పునర్నిర్మాణ ఖర్చు తప్పేదని. ఆఫ్రికా నేల వేరు, మన నేల వేరు అనొచ్చు. కానీ నీరు దిగిన రోడ్డు ఎక్కడైనా ఒకేలా కుంగుతుంది.

దీనికి అందరికంటే ముందు వచ్చే అభ్యంతరం నిజంగా బలమైనది. నడుములోతు గుంతలున్న వీధి ఒకవైపు ఉండగా, బాగున్న రోడ్డు మీద డబ్బు పోయడం అన్యాయం కాదా అని. ఓటు వేసే మనిషి తప్పకుండా ఈ ప్రశ్న అడుగుతాడు, కార్పొరేటరు దానికి జవాబు చెప్పుకోవాలి. జవాబు ఇదీ: చెడిపోయిన రోడ్డు ఈ ఏడాది బాగు చేసినా వచ్చే ఏడాది బాగు చేసినా ఖర్చు దాదాపు ఒకటే. అది ఇప్పటికే పునాది దాకా పోయింది. బాగున్న రోడ్డును వదిలేస్తే మాత్రం కొన్నేళ్లలోనే దాని ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. ఉన్నదంతా చెడిపోయినవాటికే పెడుతూ పోతే, ఒకటి బాగయ్యేలోపు మరో రెండు చెడే వరుసలో చేరతాయి, ఆ వరుస ఎప్పటికీ తరగదు. అలాగని గుంతల వీధిని గాలికి వదలమని ఎవరూ అనరు. అక్కడ ప్రాణాలు పోతాయి. రోడ్ల నిధిలో ఎనిమిదో వంతో పదో వంతో విడిగా తీసి, దాన్ని ఏ పరిస్థితిలోనూ ప్యాచ్‌వర్క్‌కు మళ్లించకుండా ఉంచితే చాలు. పల్లె రోడ్లలో ఇలాంటి ఆలోచన ఇప్పటికే ఉంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహించాలి, తనిఖీలో రోడ్డు బాగుందని తేలితేనే ఈమార్గ్ విధానంలో ఆ నిర్వహణ బిల్లు వస్తుంది. పల్లెకు ఉన్న ఈ షరతు పట్టణ కాలనీకి ఎందుకు లేదో అడగాల్సిన ప్రశ్నే.

హైదరాబాద్ నగరం ఈ దారిలో ఒక అడుగు వేసింది. 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల నిర్వహణకు 1,839 కోట్ల రూపాయలతో ఏజెన్సీలకు అప్పగించిన సీఆర్‌ఎంపీ పథకం 2019 చివర్లో మొదలైంది. అందులో లోటుపాట్లు లేవని కాదు. కానీ గుంత పడ్డాక టెండరు పిలిచే పద్ధతికి బదులు, ఒకే సంస్థ ఐదేళ్లు బాధ్యత మోయడం అన్నది సరైన సూత్రం. అయితే అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధిలో 9,000 కిలోమీటర్లకు పైగా రోడ్లుంటే పథకంలోకి వచ్చింది అందులో పన్నెండో వంతు కూడా కాదు. కాలనీ రోడ్లు బయటే ఉండిపోయాయి. 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిపిన 27 పట్టణ సంస్థల్లో పెద్ద అంబర్‌పేట్ ఒకటి. ఇలాంటి శివారు పట్టణాల రోడ్లలో ఇంకా పూర్తిగా చెడిపోనివే సీల్ కోటుతో కాపాడుకోదగ్గవి. పరిపాలన ఎవరి చేతికి వచ్చినా మొదట చూడాల్సిన ఆస్తి ఇదే.

శివార్లలో ఇంకో విచిత్రం కనిపిస్తుంది. హైవేకు అటూ ఇటూ వందల ఎకరాల్లో వెంచర్లు లేచాయి. లేఅవుట్‌కు తుది అనుమతి రావాలంటే డెవలపరు రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేయాలి, అప్పటిదాకా 15 శాతం ప్లాట్లు హెచ్‌ఎండీఏకు తనఖాలో ఉంటాయి. రోడ్లు వేస్తారు, తనఖా విడుస్తారు, రోడ్లు గిఫ్ట్ డీడ్ మీద స్థానిక సంస్థకు దఖలవుతాయి. ఇళ్లు మాత్రం ఐదేళ్లకో పదేళ్లకో గానీ రావు. బండ్లు తిరగని రోడ్డు చెడదనుకుంటాం. నిజానికి టైర్ల ఒత్తిడి డాంబర్ పైపొరను నిత్యం అదుముతూ సన్న సందులను మూస్తుంది. ఆ ఒత్తిడి లేని ఖాళీ వెంచర్ రోడ్డు ఎండకు ఊరికే ఎండి, ఒక్క లారీ ఎక్కకుండానే పగుళ్లు తీస్తుంది. చివరికి ఇల్లు కట్టడానికి ఇసుక లారీ, సిమెంటు లారీ వచ్చేసరికి ఆ పెళుసు పొర విరిగి ఊడిపోతుంది. ప్లాటు కొన్నవాళ్లు రోడ్డుకు ఒకసారి ప్లాటు ధరలోనే డబ్బు కట్టారు, రెండోసారి ఇంటి పన్నులో కడతారు. ఫాగ్ స్ప్రే అన్నిటికంటే బాగా పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి రద్దీ లేని రోడ్ల మీదే. రోడ్డు వేసి రెండేళ్లు దాటితే ఒక సీల్ కోటు వేయించాకే తనఖా విడిపించాలన్న షరతు పెడితే ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లు, కాలేజీలు, గోదాముల ఆవరణలకూ ఇదే వర్తిస్తుంది, అది వాళ్ల ఆస్తి కాబట్టి వాళ్లకు చెప్పనక్కర్లేదేమో.

బరువు బండ్ల సంగతి వేరు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించాక ఈ దారిలో లారీల రాక పెరిగింది, క్వారీల టిప్పర్లు సరేసరి. 1950ల చివర్లో అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో జరిపిన ఆషో పరీక్షలు తేల్చిన సూత్రం ప్రకారం ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లవుతుంది. అధిక లోడు టిప్పర్లు తిరిగే రోడ్డును సీల్ కోటుతో కాపాడతామంటే అది జనాన్ని మభ్యపెట్టడమే. అక్కడ కావాల్సింది మందమైన పొర, తూకం తనిఖీ. పక్క కాలువ లేక నీళ్లు నిలిచే రోడ్డుకూ ముందు కాలువ కట్టాలి. మొసలి చర్మంలా పగుళ్లు అల్లుకుపోయినదాన్ని తవ్వి వేయాల్సిందే. సీసీ రోడ్లు వేసేస్తే ఈ గొడవే ఉండదు కదా అనేవాళ్లున్నారు. ఇరుకు గల్లీలో, నీళ్లు నిలిచే చోట సీసీయే మేలు. కానీ దానికీ అతుకులు పూడ్చాలి, పైపు కోసం ఒకసారి పగలగొడితే మునుపటిలా అతకదు, పైగా ఇప్పటికే ఉన్న డాంబర్ రోడ్లు ఎక్కడికీ పోవు. ఎలాగూ మంచినీళ్ల పైపుకో డ్రైనేజీకో కేబుల్‌కో రేపు తవ్వేదానికి ఇవాళ సీల్ కోటు ఎందుకన్న ప్రశ్నలో న్యాయముంది. అందుకే ఏ వీధిలో పైపులైన్ పని మిగిలి ఉందో తెలుసుకున్నాకే జాబితా రాయాలి. తవ్వకాలు పూర్తయిన వీధులు ముందు, మిగిలినవి తర్వాత.

అన్నిటికంటే గట్టి అనుమానం డబ్బు గురించి. నల్లరంగు పూసి బిల్లు చేసుకునే పని ఇదేనని, అర లీటరు చల్లాల్సిన చోట పావు లీటరు చల్లితే ఎవరు కనిపెడతారని. కొత్త రోడ్డు మందాన్ని కోర్ తీసి తర్వాతైనా కొలవొచ్చు, చల్లిన ద్రవాన్ని ఎండాక కొలవడం కష్టమే. అయితే చల్లేటప్పుడు కొలవడం చాలా సులువు. నిర్ణీత వైశాల్యమున్న పళ్లేలను రోడ్డు మీద పెట్టి, స్ప్రేయర్ దాటాక తూస్తే చదరపు మీటరుకు ఎంత పడిందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఈ పరీక్ష మన స్పెసిఫికేషన్లలో ఉన్నదే. ట్యాంకరు ఇన్‌వాయిస్, వచ్చిన తేదీ, చల్లిన వీధి పేరు, పళ్లేల తూకం కాలనీ సంఘం ముందే మెజర్‌మెంట్ బుక్‌లో ఎక్కించి, దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాలి. పని పగలే జరగాలి. ఇన్ని చేసినా దొంగతనం పూర్తిగా పోతుందని అనలేం. కానీ ఏటా వానాకాలంలో పొంగుతున్న నీళ్లలోనే హడావుడిగా పోసే ప్యాచ్‌వర్క్ కంటే దీన్ని కొలవడం తేలిక, అక్కడ ఎన్ని గుంతలు పూడ్చారో చెప్పే సాక్షి మరుసటి వానకే కొట్టుకుపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం టెండరులోనే రాయాలి. మనం డాంబర్ అని పిలిచేది ముడిచమురు శుద్ధిలో వచ్చే బిటుమెన్. బొగ్గు నుంచి తీసే కోల్‌టార్ వేరు. అమెరికాలో కొన్ని సీల్ కోట్లలో ఆ కోల్‌టార్ వాడుతూ వచ్చారు. దాంట్లో పీఏహెచ్‌లనే, క్యాన్సర్‌కు దారితీసే రసాయనాలు బిటుమెన్ రకం కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువని, అవి అరిగి చెరువుల అడుగున చేరుతున్నాయని అక్కడి భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు తేల్చారు. ఆస్టిన్ నగరం 2006లో, వాషింగ్టన్ రాష్ట్రం 2011లో దాన్ని నిషేధించాయి. ఇటువైపు ప్రతి కాలనీ వాన నీరూ ఏదో ఒక చెరువుకే చేరుతుంది. కాబట్టి భారతీయ ప్రమాణాల ప్రకారం తయారైన బిటుమెన్ ఎమల్షన్ తప్ప మరేదీ వాడకూడదన్న ఒక్క వాక్యం చాలు. ఎమల్షన్ పడిన రోడ్డు ఆరేదాకా జారుతుంది, వాహనాలను, ముఖ్యంగా ద్విచక్ర వాహనాలను, అప్పటిదాకా ఆపాలి, పైన పల్చగా రాతిపొడి చల్లాలి. ఈ రెండూ మరిచిపోతే ఒక్క ప్రమాదంతో పథకం మొత్తానికీ చెడ్డపేరు వస్తుంది.

చేయాల్సిన పనికి మన వాతావరణమే తేదీలు ఇస్తోంది. అక్టోబరులో వానలు వెనక్కి పోగానే వార్డులవారీగా పగుళ్ల సర్వే చేయాలి. సంక్రాంతి లోపు పగుళ్లు పూడ్చి, జనవరి నుంచి మార్చి వరకు పొడి రోజుల్లో సీల్ కోటు వేయాలి. ఇందుకు ముందు ప్రతి రోడ్డుకూ ఒక చిట్టా కావాలి: ఏ సంవత్సరం వేశారు, ఎంత మందం, చివరిసారి ఎప్పుడు సీల్ చేశారు, కింద పైపులు పూర్తయ్యాయా లేదా. ఆ చిట్టా లేకుండా ఎన్ని కోట్లు మంజూరైనా ఏ వీధికి ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేరు. కాలనీ సంఘాలు కొత్త రోడ్డు కోసం వినతిపత్రాలు ఇస్తూనే ఉంటాయి, ఇవ్వాలి కూడా. ఈసారి దాంతోపాటు మరో కాగితం ఇవ్వండి. మీ వీధి రోడ్డు ఏ సంవత్సరం వేశారో, దానికి సీల్ కోటు ఏ నెలలో వేస్తారో వార్డు కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబును కూడా రాతలోనే తీసుకోండి.